పసుపు బిళ్ల పందులు

పోయిన నెల మా చిన్నమ్మాయి కొడుక్కి టీకా వేయించడానికి గద్వాల దవాఖానకు వెళ్లినప్పుడు, టీకాల గది బయట గోడకు అతికించిన ఒక బొమ్మ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. వరిమడి, మడి మీద దోమ, దోమ కింద ఒక పంది, పంది మీద ఎర్రటి అడ్డగీత. గీసినవాడు పందిని దగ్గర్నుంచి ఎన్నడూ చూడలేదని ఆ తోక చూస్తేనే తెలిసిపోతుంది. మనవడు చేయి లాగుతున్నాడు, లోపల నర్సమ్మ వాడి పేరు పిలుస్తున్నది, నేను మాత్రం ఆ పంది చెవికేసి చూస్తూ నిలబడిపోయాను. చెవికి బిళ్ల లేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, జూరాల కాలువల్లో నీళ్లు కొత్తగా పారిన ఆ ఏళ్లు. అంతవరకు జొన్న, ఆముదం, పల్లికాయ తప్ప ఎరగని చెలకలు చూస్తుండగానే వరిమళ్లయ్యాయి. తాతల కాలం నుంచి వానకోసం మొగులు చూసిన మనుషులు తూము దగ్గర నీళ్ల వంతు కోసం తలలు పగలగొట్టుకోవడం నేర్చారు. నీళ్ల వెంట కొంగలు వచ్చాయి, కొంగల వెంట దోమలు వచ్చాయి, దోమల వెనక మేము వచ్చాము. మేము అంటే, అంటురోగాల మీద పరిశోధన చేసే ఒక జాతీయ సంస్థ తాలూకు క్షేత్ర కేంద్రం. పేరు చాలా పెద్దది. ఉన్నది మాత్రం గద్వాల కోట వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు, ఒక ఫ్రిజ్, రక్తాన్ని తిప్పి పైతేటను వేరుచేసే యంత్రం, ద్రవ నైట్రోజన్ నింపిన అల్యూమినియం డబ్బా ఒకటి. మూత తీస్తే తెల్లటి పొగ నేలమీదికి పొర్లేది గనుక వీధివాళ్లు దాన్ని పొగల బిందె అనేవారు. పెరట్లో పెద్దబాతులు ఉండేవి. మా పరీక్షకు వాటి రక్తకణాలు కావాలి. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఇంటి యజమానురాలు నమ్మలేదు. ఢిల్లీ నుంచి పెద్దసార్లు వస్తే వండిపెట్టడానికే మేపుతున్నామని చివరిదాకా ఆమె అభిప్రాయం.

నేను వనపర్తిలో దర్జీ పని చేసే ఇంట్లో పుట్టినవాణ్ని. సైన్సు డిగ్రీ తర్వాత ప్రయోగశాల సహాయకుడిగా కుదిరిన తొలి ఉద్యోగం అది. పని పందుల రక్తంతో అని తెలిసిన రోజున మా అమ్మ ముద్ద దిగక కంచం పక్కకు జరిపింది. మా అబ్బా మాత్రం మిషను ఆపి, చాలాసేపు ఆలోచించి, మజీదు పెద్దమనిషిని అడిగి వచ్చి, పిల్లల ప్రాణం కోసం చేసే పనిలో తప్పు లేదు, కాని గడప దాటే ముందు స్నానం చెయ్యాలని తేల్చాడు. శనివారాలు నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో బకెట్టు సిద్ధంగా ఉండేది. ఆ నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేవి. ముద్ద దిగని అమ్మే వాటిని కాచి ఉంచేది.

పందులే ఎందుకని ఇప్పటివాళ్లు అడుగుతారు గనుక, ఆ పద్ధతి కొంచెం చెప్పాలి. మెదడువాపు జ్వరం క్రిమి కొంగలో ఉంటుంది, పందిలో పెరుగుతుంది, వరిమడిలో పుట్టిన దోమ దాన్ని మోసుకొచ్చి మనిషి బిడ్డకు ఇస్తుంది. పంది పెద్దగా జబ్బు పడదు. దాని రక్తంలో క్రిమి కొద్దిరోజులు మాత్రమే తిరుగుతుంది. తర్వాత ఆ క్రిమిని చంపే ప్రతిరక్షకాలు రక్తంలో తయారై ఉండిపోతాయి. కాబట్టి ఇంకా ఈ క్రిమి సోకని పందిపిల్లలను ఎంచుకుని, గుర్తుకోసం చెవికి పసుపు బిళ్ల వేసి, వానాకాలమంతా కొన్ని వారాలకోసారి రక్తం తీసి చూస్తే, ఊళ్లోకి క్రిమి ఎప్పుడు వచ్చిందో పిల్లలకు జ్వరాలు మొదలుకాక ముందే తెలుస్తుంది. పంది ఆ ఊరికి కాపలా అన్నమాట. ఇందులో ఒక్క విషయం మాత్రం ఎవరూ మరచిపోకూడదు. రక్తంలో ప్రతిరక్షకాలు కనిపించిన పంది, క్రిమిని గెలిచి బయటపడ్డ పంది. దానివల్ల ఇక ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. బిళ్ల వేయని పందుల సంగతే మనకు తెలియదు.

ధరూర్ అవతల, కృష్ణ ఒడ్డు ఊళ్లలో ఒకదానిలో మా పసుపు బిళ్ల పందులు ఉండేవి. వాటిని సాకే ఎరుకలామె ఊరి చివర, కాలువ గట్టు కింద గుడిసెలో ఒంటరిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు, కోడలు మేస్త్రీ వెంట బొంబాయి వైపు మట్టి పనికి వెళ్లి ఏడాదికోసారి వచ్చేవాళ్లు. పందులు గాక ఆమెకు వెదురు గంపల పని ఉండేది, సోది చెప్పడం ఉండేది. పగలు ఆమె నీడ పడితే పక్కకు జరిగే ఆడవాళ్లు పొద్దు వాలాక కొంగు కప్పుకుని వచ్చి, తప్పిపోయిన గొడ్డు గురించి, పుట్టని బిడ్డ గురించి ఆమె ముందు చెయ్యి చాపేవారు. నేను ఆమెను అక్కా అనేవాణ్ని. పందిపిల్లను వెల్లకిలా రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, ముందుకాళ్లు వెనక్కి పట్టి, గొంతుకింది గుంటలో సూది దిగేందుకు చోటు చూపించడంలో ఆమెకున్నంత నేర్పు మా సంస్థలో ఎవరికీ లేదు. అది తన గొప్ప అని ఆమెకు తెలుసు, సందు దొరికినప్పుడల్లా చెప్పుకునేది కూడా.

మొదటిరోజు నేను పనయ్యాక కాలువలో మోచేతుల దాకా కడుక్కుంటుంటే గట్టు మీద కూర్చుని నవ్వింది.

"నా పందుల్ని ముట్టుకుంటే నీకు తానం, నన్ను ముట్టుకుంటే ఊరికి తానం. ఇద్దరం గల్సి ఒక బాయి తవ్వుకుందాం పా సాయిబూ."

పరీక్ష సంగతి వివరించబోతే మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టి, అర్థమయిందిలే, పట్నపోళ్లు గుడ నా పందుల్ని సోది అడుగుతుండ్రు, గంతే గదా అన్నది. అంత సరిగ్గా మా పద్ధతిని ఒక్క మాటలో చెప్పినవాళ్లను తర్వాత నా ఉద్యోగకాలమంతటిలో నేను చూడలేదు.

రెండో ఏడు వానాకాలంలో పందులు జవాబు చెప్పాయి. ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో పైతేట, క్రిమి నుంచి తీసిన ద్రావణం, బాతు రక్తకణాలు కలిపి కదపకుండా ఉంచితే, ప్రతిరక్షకాలు లేనిచోట కణాలు గుంటంతా పలచని చాపలా పరుచుకుంటాయి. ఉన్నచోట జారి అడుగున ఎర్రటి బొట్టులా కూడుకుంటాయి. ఆ ఉదయం అక్క పందుల గుంటలన్నిటిలో బొట్లు కనిపించాయి. మళ్లీ చేశాను, మళ్లీ బొట్లే. మా గద్వాల కేంద్రం పెద్దసారు చూసి ప్రధాన కార్యాలయానికి ఫోను చేయడానికి పోస్టాఫీసుకు నడిచాడు. దోమల మందు, జిల్లా అధికారులు, పిల్లలకు టీకా, ఇవన్నీ కదలాలి. అవి కదిలేలోపే ఆ ఊళ్లో ఒక రైతు కూతురు, ఇంకా బడికి పోని పిల్ల, జ్వరమొచ్చి, మెడ బిగుసుకుని, కర్నూలు తీసుకుపోతుండగా దారిలోనే పోయింది. వాగు దాటకముందే పోయిందని, అయినా తల్లి ఒప్పుకోక జీపును ముందుకే పొమ్మన్నదని చెప్పుకున్నారు.

సమాధి మట్టి ఆరకముందే మా పెద్దసారు బడి ముందు ఊరిని కూడబెట్టాడు. ఆయన చెప్పవలసినవి రెండే వాక్యాలు. మొదటిది, చెవికి పసుపు బిళ్ల ఉన్న పందుల రక్తంలో మెదడువాపు జ్వరం ఆనవాళ్లు దొరికాయి, కాబట్టి క్రిమి మీ ఊళ్లో తిరుగుతున్నది. రెండోది, ఆ పందులు క్రిమి నుంచి బయటపడ్డవి, వాటివల్ల ఇక భయం లేదు, జాగ్రత్తపడవలసింది దోమల నుంచి, తక్కిన పందుల నుంచి. మొదటి వాక్యం పూర్తవుతుండగానే జనం లేచారు. కేకలు, మట్టిపెళ్లలు. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకుని, జీపు ఎక్కాడు. రెండో వాక్యం ఆయన నోట్లోనే ఉండిపోయింది.

ఊరు ఆ సగం మాటకు తన సగం కలుపుకున్నది. నెలల తరబడి మేము పందులకు సూదులు గుచ్చడం అందరూ చూశారు. సూది అంటే లోపలికి ఎక్కించడమేనని మన వైపు జనం లెక్క. ఉత్త రక్తం తీసుకుపోవడానికే అయితే పందులకోసం ఎవడైనా రెండేళ్లు పెట్రోలు కాల్చుకుని వస్తాడా? బిళ్ల వేసింది రోగం ఎక్కించిన పందుల గుర్తుకేనని ఒకరన్నారు. వాటిని సాకే ముసల్ది ఒప్పుకునే ఎక్కించుకున్నదని ఇంకొకరన్నారు. ఆ సాయంత్రానికి గడ్డపారలు, కట్టెలు పట్టుకుని గుడిసె చుట్టూ మూగారు. కాని పందులను పట్టడం వాళ్లకు చేతకాలేదు. కట్టె చూడగానే అవి కాలువ గట్టు ఎక్కి తుంగలో దూరిపోయాయి. అప్పుడు సర్పంచి ముందుకొచ్చి ఒక బేరం పెట్టాడు.

"పిలువు. నువ్ పిలిస్తే వస్తయ్ గద. పందులు మావి, గుడిసె నీది. గుడిసె జోలికి రాం, నా బిడ్డల మీద ఒట్టు."

మర్నాడు ప్రధాన కార్యాలయం నుంచి ఒకాయన వస్తాడు గనుక, ఆయనకు చూపవలసిన నమూనాల కోసం మేము బడి దగ్గర్నుంచి జీపులో గుడిసె దగ్గరికే వచ్చి ఉన్నాము. ఆమె మాకేసి చూసింది; పెద్దసారు గడియారం చూసుకున్నాడు. తర్వాత ఆమె గట్టు మీదికి నడిచి, రోజూ పొద్దు వాలే వేళ తవుడు కలిపినప్పుడు పిలిచే పిలుపు, నాలుక మడతపెట్టి గొంతులోంచి తీసే ఆ శబ్దం, తీసింది. తుంగ కదిలింది. పసుపు బిళ్లలు ఒకదాని వెనక ఒకటిగా బయటికొచ్చాయి. తవుడు తొట్టి దిక్కు, ఆమె కాళ్ల దిక్కు పరుగెత్తుకొచ్చాయి. పంది తెలివైన జంతువు. మొదటి దెబ్బ పడ్డాక కూడా అవి పారిపోక ఆమె చీర కుచ్చిళ్ల వెనక్కే దూరాయి, అందువల్ల పని తేలికయింది.

చచ్చేవి ఎలాగూ చచ్చాయి గదా అని పెద్దసారు చేతులకు తొడుగులు వేసుకుని పుర్రెలు తెరిచి మెదడు ముక్కలు తీశాడు. పొగల బిందె మూత నేను పట్టుకున్నాను. జనం గుండ్రంగా నిలబడి భక్తిగా చూశారు. అంత పెద్దసారే తలలు కోసి డబ్బాలో దాచుకుపోతున్నాడంటే రోగం వాటిలోనే ఉన్నదని ఇంకేం రుజువు కావాలి?

ఆ ఊళ్లో బిళ్ల లేని పందులు చాలా ఉండేవి. గద్వాల కాంట్రాక్టరు ఒకడు వేరేవాళ్లకు పాలుకిచ్చి సాకించుకునేవి అవి. సర్పంచికి అతడు దోస్తు. ఒక్కదాన్నీ ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఊరు వెతికి వెతికి, తనకు హాని చేయలేని పందులను మాత్రమే చంపుకున్నది. తిరుగు ప్రయాణంలో ఈ మాట నేను పెద్దసారుతో అంటే, ఆయన సిగరెట్టు వెలిగించి, నువ్వు చెప్పింది శాస్త్రప్రకారం నిజమే, కాని బిడ్డ చచ్చిన ఊరు ఏదో ఒకటి చెయ్యాలనుకుంటుంది, చెయ్యనీ అన్నాడు. ప్రధాన కార్యాలయానికి వెళ్లిన నివేదికలో, అనుమానిత పశువుల నిర్మూలన ప్రజల సంపూర్ణ సహకారంతో జరిగిందని రాశాడు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆ నెలలో తన కూతురి పెళ్లిచూపులు కూడా మానుకుని మాతో పాటు ఎండలో తిరిగినవాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వారం తిరగకుండానే ఊళ్లో రెండో పిల్లవాడికి మెడ బిగుసుకున్నది. ప్రాణం దక్కింది గాని మాట పోయింది. పందులు లేవు గనుక ఈసారి ముసల్ది మిగిలింది. సోది చెప్పేది చేతబడి చెయ్యలేదా అన్నారు. నాకు ఆ కబురు దోమలు పట్టే మా మనిషి తెచ్చాడు. సెలవు పెట్టి, షేర్ ఆటో పట్టుకుని, ఒక్కణ్నే వెళ్లాను. అక్క గుడిసె ముందు గంప అల్లుతున్నది. ఊరు విడిచి కొడుకు దగ్గరికి పొమ్మంటే, కొడుక్కే అక్కడ పైకప్పు లేదు, నేను ఈ గుడిసె కోసం పందులను పిలిచిన, ఎట్ల పోత అన్నది. ఆమెకు కావలసింది ఒక్కటే. పెద్దసారు చెప్పకుండా వెళ్లిపోయిన రెండో వాక్యం ఎవరో ఒకరు ఊరి ముందు చెప్పాలి.

పెద్దసారు రాడని నాకు తెలుసు. అందుకని ఆ పూట హోటలు ముందు మగవాళ్లంతా కూర్చుని ఉండగా నేనే నిలబడి, పుస్తకం భాష పక్కనపెట్టి, వనపర్తిలో మా వీధిలో మాట్లాడినట్టే మాట్లాడాను. బిళ్ల ఉన్నవాటి రక్తంల క్రిమి లేదు, క్రిమిని సంపిన మందున్నది, గవి మీ ఊరికి కావలి కాసినయ్, రోగం ఇంకా తిరుగుతున్న తక్కిన పందులల్ల ఉండొచ్చు, ముసలామెకు దీంతోటి ఏ సంబంధం లేదని చెప్పాను. బీడీ తాగుతున్న పిల్లగాడొకడు, నా వయసువాడే, గొంతు సవరించుకున్నాడు.

"ఏంది సాయిబూ, పందుల దిక్కు వకాల్తా పట్టినవ్? మజీదుల తెల్సా నీ కొత్త నౌకరీ?"

హోటలంతా నవ్వింది. బెంచీలు కదిలాయి, ఒకడికి ఛాయ్ పొలమారింది. మా అబ్బా గడప ముందు బకెట్టు పెట్టించి ఏ అవమానం నుంచి నన్ను కాపాడానని అనుకున్నాడో, అది వనపర్తిలో గాక అక్కడ దొరికింది. నవ్వనివాడు ఒక్కడే, కూతురు పోయిన రైతు. అతడు నా దగ్గరికొచ్చి మెల్లగా, ఇంచుమించు మర్యాదగా అన్నాడు.

"నీ మాట నిజమే ఉండొచ్చు తమ్మీ. నా బిడ్డ పోయింది. గా ముసల్ది గుడ పోతే నా కండ్లకు జర సల్లగుంటది. గంతే, ఇంకేం లేదు."

మరునాడు పొద్దున గుడిసెను కూల్చి గుంజలకు నిప్పు పెట్టారు. సర్పంచి రాలేదు, ఒట్టు వేసుకున్నవాడు గనుక గద్వాల వెళ్లిపోయాడు. రాత్రికి గద్వాల వెళ్లి మళ్లీ నేను చేరేసరికి అక్క వెదురు చీల్చే కత్తి, ఒక సత్తు గిన్నె గంపలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. నేను సరిగా చెప్పలేకపోయానేమో, వాళ్లకు అర్థమయ్యేటట్టు ఇంకోలా చెప్పవలసింది అని ఏదో అనబోయాను.

"సమజ్ కాలేదనుకుంటున్నవా? అందరికీ సమజయింది సాయిబూ. సమజయినంకనే కూలగొట్టిండ్రు."

ఆమె అమరచింత వైపు పోయే ట్రాక్టరు ఎక్కింది. నేను చెయ్యి అందిస్తే తోసేసింది.

మా సంస్థ ఆ ఉదంతం నుంచి పాఠం నేర్చుకోలేదని అనలేను. మరుసటి ఏడాది ఇంకో ఊళ్లో, ఇంకో మనిషి సాకే పందిపిల్లలను ఎంచుకున్నాము. ఈసారి చెవికి పసుపు బిళ్లలు వేయలేదు. చెవి లోపలి పక్క, ఎవరికీ కనబడకుండా, పచ్చబొట్టు పొడిచాము. పద్ధతి మెరుగుపడిందని ప్రధాన కార్యాలయం మెచ్చుకున్నది.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి నాగర్‌కర్నూల్ సంతలో చాటలు, గంపలు పేర్చుకుని కూర్చున్న ముసలామెను చూసి ఆగాను. చేతుల మీది పచ్చబొట్లు, గంప అంచును బొటనవేలితో నొక్కే తీరు, అనుమానం లేదు. అక్కా అన్నాను. తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా తలమీద టోపీ లేదు, గడ్డం లేదు, నా మాటలో ఉర్దూ యాస లేదు. ఎవరో అనుకుంటున్నవ్ సాయిబూ, నిన్ను నేనెన్నడూ చూడలే అని, పక్కవాళ్లకు గంప చూపించడంలో పడింది.

ఉద్యోగం ముగిశాక, మొన్నటి ఎండాకాలంలో ఏదో పెళ్లికి ధరూర్ దాకా వెళ్లినప్పుడు ఆ ఊరిని మళ్లీ చూశాను. కాలువ గట్టు కింద గుడిసె ఉన్నచోట ఎరువుల దుకాణం వెలిసింది. ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది, పిల్లలందరికీ టీకాలు పడుతున్నాయి, మెదడువాపు అనే మాట విని చాలా కాలమయిందన్నారు. సర్పంచి లేడు, ఆ రైతూ లేడు, మా పెద్దసారు పోయిన వార్త కూడా ఆలస్యంగానే నాకు తెలిసింది. దుకాణం అరుగు మీద మోటారు సైకిళ్లు ఆపుకుని కూర్చున్న కుర్రాళ్లు నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎటు నుంచి వచ్చారని అడిగారు. వాళ్లు అంత మర్యాదగా వింటుండేసరికి నాకు ఆశ కలిగింది. బిళ్ల ఉన్న పందుల వల్ల ఏ హానీ లేదన్న సంగతి, వాటిని సాకినామె ఏ తప్పూ చేయలేదన్న సంగతి, ఏది ముందో ఏది వెనకో తప్పకుండా, ఎవరూ నవ్వకుండా, చివరిదాకా చెప్పాను. వాళ్లు నమ్మారు. ఒకడు అయ్యో పాపం అని కూడా అన్నాడు. తర్వాత వాళ్లలో చిన్నవాడు, నిజంగానే తెలియక, పక్కవాడి మొహం చూసి నన్ను అడిగాడు.

"మా ఊర్ల పందులు ఎప్పుడున్నయ్ తాతా?"

జ్వరం పోయింది, మంచిదే. దోమల మందు కొట్టేవాళ్లు, సూది చూస్తే భయపడేవాళ్లు, నేరం మోపినవాళ్లు, మోయించుకున్నామె, అందరూ పోయారు. ఒకప్పుడు ఆ మాటను నమ్మితే ఒక మనిషికి నిలువనీడ మిగిలేది గనుక ఎవరూ నమ్మలేదు. ఇవాళ నమ్మడం వల్ల ఎవరికీ ఏమీ ఖర్చు కాదు. అందరూ ఇట్టే నమ్మేస్తున్నారు.